150 గంటల గడప

అమెరికాలో ఒక కంపెనీ పద్దులు సరిగ్గా ఉన్నాయని ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టాలంటే సీపీఏ (సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్) లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సుకి మూడు కావాలి: పరీక్ష, అనుభవం, చదువు. పరీక్ష దేశమంతా ఒక్కటే. అనుభవం చాలా రాష్ట్రాల్లో ఏడాది ఉంటే చాలన్నారు. చదువు దగ్గరికి వచ్చేసరికి 150 క్రెడిట్ గంటలు అడిగారు. అక్కడ నాలుగేళ్ల డిగ్రీ పూర్తిచేసినవాళ్లకి వచ్చేవి 120. మిగతా 30 కోసం ఇంకో ఏడాది చదవాలి. ఆ ఏడాది ఫీజు కట్టాలి, ఆ ఏడాది రావలసిన జీతం వదులుకోవాలి. 120తో రాసినా 150తో రాసినా పరీక్షలో ప్రశ్నలు మాత్రం అవే.

నలభై ఏళ్లపాటు ఈ వృత్తిలోకి ఎవరు రావాలో, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోవాలో చాలావరకు ఈ అంకే తేల్చింది. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళితే ఎక్కడా ఒక అకౌంటెంటు తన పని ఎంతకాలంలో నేర్చుకుంటాడని కొలిచి చూసిన దాఖలా నాకు కనబడలేదు. కనబడింది వేరే కథ.

1896కి ముందు అమెరికాలో ఎవరైనా బోర్డు తగిలించి నేను అకౌంటెంటునని చెప్పుకోవచ్చు. అడిగేవాళ్లు లేరు. అప్పటికి రైల్వేలు, పెద్ద పెద్ద కర్మాగారాలు లేచాయి. వాటిలో బ్రిటిష్ వాళ్ల డబ్బు చాలా ఉంది. ఆ డబ్బు ఏమవుతోందో చూడటానికి బ్రిటన్ నుంచి చార్టర్డ్ అకౌంటెంట్లు ఓడలెక్కి వచ్చారు. వాళ్ల చేతుల్లో రాజముద్ర ఉన్న పట్టాలు ఉండేవి. ఎడిన్‌బరో అకౌంటెంట్ల సంఘానికి 1854లోనే రాయల్ చార్టర్ దక్కింది, ఇంగ్లండ్‌ సంస్థకి 1880లో. అమెరికన్లకి అలాంటిదేమీ లేదు. ఆ లోటు తీర్చడానికి న్యూయార్క్ రాష్ట్రం 1896 ఏప్రిల్ 17న ఒక చట్టం చేసింది. ‘సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్’ అనే బిరుదు అలా పుట్టింది. 21 ఏళ్లు నిండాలి, మంచి నడవడి ఉండాలి, అమెరికా పౌరుడై ఉండాలి లేదా పౌరుడు కావాలనే ఉద్దేశం ఉండాలి, పరీక్ష పాసవ్వాలి. డిగ్రీ ఊసే లేదు.

పరీక్షాధికారులుగా ముగ్గురిని వేశారు. ఫ్రాంక్ బ్రోకర్, చార్ల్స్ వాల్డో హాస్కిన్స్, చార్ల్స్ స్ప్రేగ్. ఆ ఏడాది డిసెంబరులో మొదటి పరీక్ష జరిగింది. అకౌంటింగ్ సిద్ధాంతం, ప్రాక్టికల్ అకౌంటింగ్, ఆడిటింగ్, వాణిజ్య చట్టం, ఈ నాలుగే సబ్జెక్టులు. అప్పటికే ఏడాదికి పైగా ఈ పనిలో ఉన్నవాళ్లకి పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చారు. గమనించండి, గడప కట్టినవాళ్లు ఆ గడప దాటనక్కరలేకుండా ముందే లోపలికి వచ్చేశారు. ఆ తర్వాత నిబంధన బిగించిన ప్రతిసారీ ఇదే జరిగింది. కొత్త షరతు రేపు రాబోయేవాళ్లకే కానీ దానికి ఓటేసినవాళ్లకి ఎప్పుడూ వర్తించలేదు.

చట్టంలో రాయని షరతులు కూడా కొన్ని ఉంటాయి. 1898లో క్రిస్టీన్ రాస్ అనే మహిళ న్యూయార్క్ పరీక్ష రాసి మంచి మార్కులతో పాసయ్యారు. ఆడవాళ్లకి పట్టా ఇవ్వకూడదని చట్టంలో ఎక్కడా లేదు. అయినా ఇవ్వాలా వద్దా అని అధికారులు ఏడాదికి పైగా తర్జనభర్జన పడి 1899 చివర్లో 143వ నంబరు సర్టిఫికెట్ ఆమె చేతికిచ్చారు. అమెరికాలో మొదటి మహిళా సీపీఏ ఆమే.

మెల్లగా మిగతా రాష్ట్రాలు కూడా చట్టాలు చేసుకున్నాయి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు. చాలావాటిలో ఒక షరతు ఉమ్మడిగా ఉంది. లైసెన్సున్న సీపీఏ దగ్గర కొంతకాలం పనిచేసి ఉండాలి. చూడటానికి ఇంతకన్నా న్యాయమైన షరతు ఉండదు. పని నేర్చుకోకుండా సంతకం ఎలా పెడతారు? ఆ షరతు ఎలా పనిచేసిందో తెలియాలంటే జాన్ డబ్ల్యూ. క్రోమ్‌వెల్ జూనియర్ దగ్గరికి వెళ్లాలి.

ఆయన వాషింగ్టన్ నగరంలోని నల్లజాతి కుటుంబంలో పుట్టారు. తండ్రి బానిసత్వంలో పుట్టి, తర్వాత లాయరుగా, చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న మనిషి. కొడుకు న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని డార్ట్‌మత్ కాలేజీలో 1906లో డిగ్రీ, మరుసటి ఏడాది మాస్టర్స్ పూర్తిచేశారు. ఆ రోజుల్లో ఆ కాలేజీ చదువంటే తెల్లవాళ్లలో కూడా కొద్దిమందికే దక్కేది. అంత చదివినా ఆయన ఇంటికి దగ్గర్లో సీపీఏ కావడానికి దారి లేదు. అనుభవం కావాలి. అనుభవం ఇవ్వాల్సింది సీపీఏ ఫర్మ్. ఆ ఫర్మ్‌లన్నీ తెల్లవాళ్లవి, నల్లవాణ్ణి పనిలో పెట్టుకునేవి కావు. తమ క్లయింట్లు ఒప్పుకోరని సాకు చెప్పేవాళ్లు. చివరికి ఆయన డిగ్రీ పుచ్చుకున్న పదిహేనేళ్లకి, అనుభవం అడగని న్యూహాంప్‌షైర్‌కే తిరిగి వెళ్లి 1921లో పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నారు. అమెరికాలో మొదటి నల్లజాతి సీపీఏ ఆయన. వాషింగ్టన్‌లో హైస్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ, నల్లవాళ్ల వ్యాపారాలకీ చర్చిలకీ లెక్కలు చూస్తూ గడిపారు. 1930లో హోవర్డ్ యూనివర్సిటీ కంప్ట్రోలర్ అయ్యారు.

షికాగోలో మేరీ వాషింగ్టన్ కథ ఇంకోలా నడిచింది. ఒక నల్లజాతి బ్యాంకులో పనిచేస్తూ అక్కడే ఉన్న ఆర్థర్ విల్సన్ అనే సీపీఏ దగ్గర ఆవిడ ఈ విద్య నేర్చుకున్నారు. అప్పట్లో దేశంలో నల్లజాతి సీపీఏలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. వాళ్లలో ఒకరు తను పనిచేసేచోటే తగలడం ఆవిడ అదృష్టం. ఆవిడ 1943లో సీపీఏ అయ్యారు, నల్లజాతి మహిళల్లో మొదటివారు. అక్కడితో ఆగలేదు. అనుభవం దొరక్క ఇతర రాష్ట్రాల్లో ఇరుక్కుపోయిన నల్లజాతి కుర్రవాళ్లు ఆవిడ ఆఫీసు వెతుక్కుంటూ షికాగో వచ్చేవాళ్లు. ఆవిడ వాళ్లకి పని ఇచ్చి, ఆ అనుభవాన్ని కాగితం మీద పెట్టి సంతకం చేసేవారు. ఒక్క మనిషి సంతకం ఎంతమంది జీవితాలకి దారి వేసిందో తలచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అయినా 1960ల చివర్లో బెర్ట్ మిచెల్ అనే సీపీఏ లెక్క తీస్తే, దేశంలోని దాదాపు లక్షమంది సీపీఏలలో నల్లజాతివాళ్లు 150 మంది కూడా తేలలేదు.

ఇప్పుడు క్రెడిట్ గంట సంగతి చూద్దాం. ఇది అకౌంటింగ్‌కి ఏ సంబంధమూ లేనిచోట పుట్టింది.

1905లో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కాలేజీ ప్రొఫెసర్ల పెన్షన్ల కోసం కోటి డాలర్లు విరాళం ఇచ్చారు. పెన్షన్ ఇవ్వాలంటే ముందు ఏది కాలేజీ, ఏది కాదు అన్నది తేలాలి. ఆనాడు కాలేజీ అని బోర్డు పెట్టుకున్నవాటిలో హైస్కూలు స్థాయి దాటనివి కూడా ఉండేవి. అందుకని కార్నెగీ ఫౌండేషన్ ఒక కొలత తీసుకుంది. హైస్కూల్లో ఒక సబ్జెక్టుని ఏడాదిలో ఇన్ని గంటలు చదివితే ఒక యూనిట్. అలాంటి యూనిట్లు 14 ఉన్నవాళ్లనే చేర్చుకునే సంస్థే కాలేజీ, దాని ప్రొఫెసర్లకే పెన్షన్. డబ్బు ఎటుంటే కాలేజీలు అటు నడిచాయి. కొద్ది ఏళ్లలోనే ఆ కొలత దేశమంతా పాకింది.

ఆ తర్వాత ఫౌండేషన్ మారిస్ కుక్ అనే మెకానికల్ ఇంజనీరుని పిలిచింది. ఫ్యాక్టరీలో కార్మికుడి ప్రతి కదలికనీ గడియారం పెట్టి కొలిచిన ఫ్రెడరిక్ టేలర్‌కి ఆయన శిష్యుడు. యూనివర్సిటీలు ఎంత పొదుపుగా నడుస్తున్నాయో చూడమన్నారు. కుక్ కొన్ని యూనివర్సిటీల ఫిజిక్స్ విభాగాలు తిరిగి 1910లో రిపోర్టు ఇచ్చారు. ఖర్చుని ఒకదానితో ఒకటి పోల్చాలంటే ఒక ప్రమాణం కావాలి కదా. ఆయన ఎంచుకున్నది ‘స్టూడెంట్ అవర్’, అంటే ఒక విద్యార్థికి ఒక గంట పాఠం. క్రెడిట్ గంట అందులోంచే వచ్చింది. చదువు చెప్పడానికి అయ్యే ఖర్చుని తూచే తూనికరాయి అది. ఎంత నేర్చుకున్నారన్నది అందులో లేదు. శతాబ్దం తర్వాత, 2015లో, కార్నెగీ ఫౌండేషన్ తనే ఒక సమీక్ష వేసి ఈ కొలత విద్యార్థి నేర్చుకున్నదాన్ని కొలవడానికి పెట్టింది కాదని చెప్పింది. దాని స్థానంలో పెట్టడానికి మరొకటి సిద్ధంగా లేకపోవడంతో అది అలాగే సాగుతోంది.

150 గంటలంటే కొత్తగా విన్నవాళ్లు ఒక నెలరోజుల శిక్షణ అనుకుంటారు. క్రెడిట్ గంట అంటే సెమిస్టర్ పొడవునా వారానికి ఒక గంట క్లాసు. సెమిస్టర్ సుమారు 15 వారాలు. అంటే ఆ అదనపు 30 క్రెడిట్లకి తరగతి గదిలో 450 గంటలు, ఇంటిదగ్గర చదువుకునేది వేరే. నాలుగేళ్లకి ఏడాదికి 30 చొప్పున 120, ఐదేళ్లకి 150. అంకె వెనక ఉన్న గణితం అంతే. అకౌంటెంటుకి ఐదేళ్ల కాలేజీ ఉండాలని ముందు అనుకున్నారు, దాన్ని గంటల్లోకి మార్చారు.

ఐదేళ్లని ఎందుకు అనుకున్నారు? న్యూయార్క్‌ మొదట డిగ్రీని తప్పనిసరి చేసింది. 1929లో చట్టం చేసి 1938 నుంచి అమల్లో పెట్టింది. మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటే ఆ దారి పట్టాయి. 1967లో రాయ్, మెక్‌నీల్ అనే ఇద్దరు, కొత్తగా వచ్చే సీపీఏకి ఏమేం తెలిసుండాలో పరిశీలించి పెద్ద పుస్తకం రాశారు. పన్ను చట్టం, కంప్యూటర్లు, గణాంకాలు, ఆర్థిక శాస్త్రం, మంచి ఇంగ్లీషు, జాబితా పెరుగుతూ పోయింది. దాని ఆధారంగా ఎల్మర్ బీమర్ నాయకత్వంలో ఒక కమిటీ కూర్చుని, ఇవన్నీ నాలుగేళ్లలో ఇమడవు, ఐదేళ్లు కావాలని తేల్చింది. సీపీఏల జాతీయ సంస్థ ఏఐసీపీఏ 1969లో ఆ మాటని తన విధానంగా తీసుకుంది.

అందులో నిజాయితీ ఉంది. వాళ్లు చూసింది నిజమే, పని జటిలమైంది. దానితోపాటు గౌరవం గురించిన ఆరాటం కూడా ఉంది. డాక్టరుకి డిగ్రీ మీద ఇంకా ఏళ్ల చదువుంది, లాయరుకి మూడేళ్ల లా స్కూలుంది, మనకేముంది అన్న బాధ ఆ కాలపు వృత్తి నాయకులది. పైగా 1970లు, 80లలో పెద్ద కంపెనీలు వరసగా కూలడంతో ఆడిటర్లు నిద్రపోతున్నారా అని అమెరికన్ కాంగ్రెస్ నిలదీసింది. 1985లో కాంగ్రెస్ సభ్యుడు జాన్ డింగెల్ నాయకత్వంలోని కమిటీ విచారణలు మొదలుపెట్టింది. తప్పు చేసిన ఫర్మ్‌లని గట్టిగా పట్టుకోవడం కష్టం, ఫర్మ్‌లో పనిచేసేవాళ్లకే అది ఇబ్బంది. రాబోయే కుర్రవాళ్లకి ఇంకో ఏడాది చదువు పెంచితే ఎవరూ అడ్డుపడరు, వాళ్లకింకా ఓటు లేదు. 1988లో ఏఐసీపీఏ సభ్యులు ఓటు వేసి, 2000 తర్వాత కొత్తగా సభ్యత్వం కోరేవాళ్లకి 150 గంటలు ఉండాలని తీర్మానించారు. విశ్వవిద్యాలయాలకీ అది కలిసొచ్చింది. ఐదో ఏడాది కోసం మాస్టర్స్ కోర్సులు వెలిశాయి.

మొదట గట్టిగా అమలు చేసింది ఫ్లోరిడా, 1983లో. టెక్సాస్ 1997లో, ఇలినాయ్ 2001లో, న్యూయార్క్ 2009లో, కాలిఫోర్నియా 2014లో వచ్చాయి. ఇలా ఒక్కో రాష్ట్రం ఒక్కో ఏడాది అమలు చేయడం తర్వాత పరిశోధకులకి పెద్ద వరమైంది, దాని గురించి కాసేపట్లో. ముందు జరిగిన తమాషా చూడాలి. గడువు దగ్గరపడ్డ రాష్ట్రాల్లో పాత నిబంధన కింద పరీక్ష రాసేయాలని జనం ఎగబడ్డారు. గడువు దాటగానే సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. ఫ్లోరిడా అనుభవం తక్కిన రాష్ట్రాలన్నింటికీ కళ్లముందే ఉంది. అయినా అదే బాటలో నడిచాయి. తగ్గినవాళ్లు సత్తా లేనివాళ్లు, మిగిలినవాళ్లు మేలిమి అన్న నమ్మకం అంత బలంగా ఉండేది.

ఆ నమ్మకాన్ని లెక్కగట్టి చూసినవారు జాన్ మాన్యువల్ బారియోస్ అనే పరిశోధకుడు. ఆయన వ్యాసం 2022లో ‘జర్నల్ ఆఫ్ అకౌంటింగ్ రీసెర్చ్’లో అచ్చయింది. నిబంధన వచ్చిన రాష్ట్రాల్ని అప్పటికింకా రాని రాష్ట్రాలతో పోల్చి చూశారు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు తగ్గారు. అక్కడితో ఆశ్చర్యం లేదు. కానీ తగ్గినవాళ్లలో బాగా రాసేవాళ్లు, అంతంతమాత్రంగా రాసేవాళ్లు, ఇద్దరూ ఉన్నారు. 150 గంటలు చదివి వచ్చినవాళ్లు ఉద్యోగంలో ముందుకెళ్లిన తీరులో గానీ, ఆఖరికి వాళ్ల రాతలో గానీ పాతవాళ్లకీ వీళ్లకీ చెప్పుకోదగ్గ తేడా ఆయనకి కనబడలేదు. పైగా ఆడిట్ రంగాన్ని వీళ్లే త్వరగా వదిలేశారు. జల్లెడ పెట్టారు, అది మంచి గింజల్ని కూడా కింద పారేసింది.

ఆండ్రూ సదర్లండ్, మథియాస్ ఉకర్ట్, ఫెలిక్స్ వెటర్ అనే మరో ముగ్గురు పరిశోధకులు కలిసి ఇంకో ప్రశ్న వేశారు. ఎవరు తగ్గారు? అందరూ తగ్గారు కానీ మైనారిటీ వర్గాల నుంచి వచ్చేవాళ్లు మరింతగా తగ్గారని తేలింది. కారణం వాళ్ల ఇళ్లలో డబ్బు పరిస్థితి. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకి, అప్పటికే చదువు అప్పు నెత్తిమీద ఉన్నప్పుడు, ఇంకో ఏడాది అంటే ఏమిటో మనకెవరూ వివరించనక్కరలేదు. అదే తెలివితో ఆమె ఫైనాన్స్‌కో, కంప్యూటర్ సైన్స్‌కో వెళితే నాలుగేళ్లకే ఉద్యోగం, పైగా ఎక్కువ జీతం. ఆమె చేసిన లెక్క తప్పు కాదు. అకౌంటింగ్ ఆమెను వదులుకుంది.

ఆ 30 క్రెడిట్లలో ఏం చదవాలన్నది కూడా చాలా రాష్ట్రాలు పూర్తిగా చెప్పలేదు. అకౌంటింగ్‌లో ఇన్ని, బిజినెస్‌లో ఇన్ని అని అడిగాయి. అవి చాలామందికి డిగ్రీలోనే వచ్చేస్తాయి. మిగిలిన గంటల్ని ఏ సబ్జెక్టుతో నింపుకున్నా అభ్యంతరం లేదు. దాంతో చేతిలో డబ్బు లేనివాళ్లు ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ, కమ్యూనిటీ కాలేజీల్లో, ఆన్‌లైన్‌లో, తమ పనికి ఏమాత్రం ఉపయోగపడని కోర్సులు తీసుకుని అంకె నింపారు. బీమర్ కమిటీ కోరిన ఐదో ఏడాది అది కాదు. ఈ నిబంధన మీద నాకున్న అన్ని అభ్యంతరాల్లో ఇదే పెద్దది. కష్టపడి సంపాదించిన డబ్బు, యవ్వనంలో ఒక ఏడాది, ఎందుకో చెప్పకుండా అడిగి తీసుకున్నారు.

ఈ అంకె హైదరాబాద్ దాకా వచ్చింది. పెద్ద ఆడిట్ సంస్థల అమెరికా పని ఇక్కడి ఆఫీసుల్లో పెద్ద ఎత్తున జరుగుతుంది. 2020 నుంచి సీపీఏ పరీక్ష కూడా ఇక్కడే రాయవచ్చు, అంతకుముందు విమానమెక్కాల్సి వచ్చేది. ఇక్కడ బి.కాం చదివిన అమ్మాయి తన మార్కుల మెమోలు అమెరికా మూల్యాంకన సంస్థకి పంపిస్తే వాళ్లు సబ్జెక్టుల వారీగా క్రెడిట్లు వేసి ఒక కాగితం పంపుతారు. ఫైనాన్షియల్ అకౌంటింగ్‌కి ఇన్ని, కాస్ట్ అకౌంటింగ్‌కి ఇన్ని, ఇంగ్లీషుకి ఇన్ని, ఆఖరికి తెలుగు పేపరుకి కూడా. చాలా సందర్భాల్లో మూడేళ్ల డిగ్రీకి మొత్తం 90 దగ్గర తేలుతుంది. 150కి చేరాలంటే ఎం.కాం ఉండాలి, లేదా సీఏ లాంటిదేదో ఉండాలి. అందుకే ఇక్కడి కోచింగ్ సెంటర్లలో చేరడానికి వెళితే మొదట అడిగేది అకౌంటింగ్ వచ్చా అని కాదు, క్రెడిట్లు ఎన్ని అని. ఇటీవల మన దగ్గర వచ్చిన నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ కొంత దూరం తగ్గిస్తుంది.

మన సీఏ మరో దారిలో నడిచింది. ఇంటర్లో ఎంఈసీ చదివిన పిల్లవాడు డిగ్రీ లేకుండానే ఫౌండేషన్ రాసి లోపలికి వెళ్లవచ్చు. అక్కడ వడపోత అంతా పరీక్షలది, ఆర్టికల్‌షిప్‌ది. మామూలు రైతు కుటుంబాల నుంచి, చిన్న ఉద్యోగుల ఇళ్ల నుంచి గుంటూరు, విజయవాడల కోచింగ్‌తో సీఏలైనవాళ్లు ఎందరో ఉన్నారంటే లక్షల ఫీజు కట్టి డిగ్రీ ముందు తెమ్మని అడగకపోవడం ఒక కారణం. అయితే ఆర్టికల్‌షిప్ మంచి ఫర్మ్‌లో దొరకాలంటే ఎవరో ఒకరు తెలిసుండాలన్న మాట ఇక్కడా వినబడుతుంది. చేతికొచ్చే స్టైపెండ్‌తో హైదరాబాద్‌లో గది అద్దె, తిండి గడవవన్నదీ అంతే. మూడేళ్ల ఆర్టికల్‌షిప్‌ని 2023లో రెండేళ్లకి తగ్గించారు.

అమెరికాలో మార్పుకి కారణమైంది న్యాయం గురించిన చర్చ కాదు, మనుషులు దొరకకపోవడం. 2020 నుంచి రెండేళ్లలోనే 3 లక్షల మందికి పైగా అకౌంటెంట్లు, ఆడిటర్లు ఆ ఉద్యోగాలు వదిలేశారని 2022 చివర్లో పత్రికల్లో వచ్చింది. పాతతరం రిటైరవుతూ వచ్చింది, కాలేజీల్లో అకౌంటింగ్ తీసుకునేవాళ్లు తగ్గిపోతూ వచ్చారు. అయినా ఏ రాష్ట్రమూ మొదటి అడుగు వేయడానికి సాహసించలేదు. దానికి కారణం అర్థం చేసుకోవాలి. ఒక రాష్ట్రంలో లైసెన్సు ఉన్న సీపీఏ పక్క రాష్ట్రంలో కూడా పనిచేసుకోవచ్చు, అయితే అప్పటి నిబంధన ప్రకారం రెండు రాష్ట్రాల షరతులు దాదాపు సమానంగా ఉండాలి. ఆ సమానత్వానికి కొలమానం కూడా ఈ 150 గంటలే. ఎవరైనా ఒంటరిగా సడలిస్తే తన సీపీఏలు రాష్ట్ర సరిహద్దు దాటలేరు. మంచిదైనా చెడ్డదైనా అందరూ ఒకే నిబంధనలో చిక్కుకుపోయారు.

మినసోటాలో 2023లోనే బిల్లు పెట్టారు కానీ వెంటనే గట్టెక్కలేదు. ఆ చిక్కుముడి విప్పింది ఒహాయో. అక్కడి గవర్నర్ 2025 జనవరిలో సంతకం చేసిన చట్టం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీ, రెండేళ్ల అనుభవం, పరీక్ష ఉంటే 2026 జనవరి 1 నుంచి లైసెన్సు ఇస్తారు. 150 గంటల దారి మూసేయలేదు, పక్కన ఇంకో దారి తెరిచారు. బయటి రాష్ట్రాల సీపీఏల విషయంలో కూడా వ్యక్తి దగ్గరున్న లైసెన్సుని చూస్తామన్నారు, వాళ్ల రాష్ట్ర నిబంధనల్ని తమవాటితో సరిపోల్చడం మానేశారు. వర్జీనియా, యూటా, జార్జియా, టెక్సాస్, కాలిఫోర్నియా వరసగా చట్టాలు చేశాయి. 2025 ముగిసేసరికి ఇలాంటి రాష్ట్రాలు 20 దాటాయి. ఎన్నో ఏళ్లు 150ని సమర్థించిన ఏఐసీపీఏ కూడా ఆ ఏడాదే తన నమూనా చట్టాన్ని మార్చుకుంది.

నేను ఈ మార్పుని మనసారా ఆహ్వానిస్తున్నాను. డబ్బు కట్టి కూర్చునే ఏడాది కన్నా జీతం తీసుకుంటూ పని నేర్చుకునే ఏడాది నయం. కానీ ఐదో ఏడాది కాలేజీ స్థానంలోకి వచ్చింది అనుభవం, అంటే క్రోమ్‌వెల్‌ని పదిహేనేళ్లు బయట నిలబెట్టిన అదే షరతు. ఆనాటి ఫర్మ్‌లు ఈనాటి ఫర్మ్‌లు ఒకటి కావు, వివక్షకి వ్యతిరేకంగా చట్టాలున్నాయి. అయినా రెండేళ్ల అనుభవం నిజమని ధ్రువీకరించాల్సింది మళ్లీ ఒక లైసెన్సున్న సీపీఏనే. పెద్ద నగరంలో పెద్ద ఫర్మ్‌లో చేరినవాళ్లకి అది చిన్న పని, ఫారం పంపితే మేనేజరు సంతకం చేసి వెనక్కి ఇస్తాడు. చిన్న ఊళ్లో, సీపీఏ లేని కంపెనీ అకౌంట్స్ విభాగంలో, లేదా వీసా కోసం యజమాని దయమీద ఆధారపడి పనిచేసే మన కుర్రవాడికి ఆ సంతకం అంత సులువుగా రాదు.

అందుకని రాష్ట్రాల అకౌంటెన్సీ బోర్డులు ఒక పని ఇప్పుడే మొదలుపెట్టాలి. రెండు దారుల్లో వచ్చినవాళ్లు పరీక్ష పాసైన తేదీకీ లైసెన్సు అందిన తేదీకీ మధ్య ఎంతకాలం పట్టిందో, పాసై కూడా సంతకం దొరక్క ఆగిపోయినవాళ్లు ఎందరో, వాళ్లు ఎవరో, ఏటా నమోదు చేసి బయటపెట్టాలి. 150 గంటల నిబంధన ఏం చేసిందో బారియోస్ వ్యాసం చెప్పేసరికి ఫ్లోరిడా చట్టం అమల్లోకి వచ్చి 39 ఏళ్లయింది. ఈ కొత్త దారి సంగతి తెలుసుకోవడానికి అంతకాలం ఆగనక్కరలేదు. దరఖాస్తు ఫారంలో రెండు గడులు పెంచితే సరిపోతుంది.